క్లచ్ మెత్తగా ఉన్న బండి

మా బావ చెల్పూర్ పవర్ ప్లాంటులో టర్బైన్ల దగ్గర పనిచేసేవాడు. తిరుగుతున్న యంత్రం మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. లోపల ఏ బేరింగు అరుగుతోందో అలా విని చెప్పగలడని ప్లాంటులో ఆయనకు పేరుండేది. అదే చెవితో మోటారు సైకిళ్లను కూడా వినేవాడు. నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బండ్లు ఆయనకు పడేవి కావు. అవన్నీ ఒకే తీరున గుయ్యిమంటాయనేవాడు. రెండు పెద్ద సిలిండర్లు ఇంగ్లిషు వీ అక్షరంలా విచ్చుకుని ఉండే ఇంజనే ఆయనకు ఇంజను. దాంట్లో ఒక్కో పేలుడూ విడిగా వినిపిస్తుందని, ఆ దెబ్బ సీటు కిందనుంచి వెన్నులోకి వస్తుందని చెప్పేవాడు. అలాంటి బండిని అప్పటికి ఆయన రెండుసార్లే నడిపాడు, రెండుసార్లూ వేరేవాళ్లదే.

ఆయన మా అక్క భర్త. మాది జనగామ. అక్క పెళ్లప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నాకు గేరు బండి నేర్పింది బావే. తర్వాత నేను మహబూబాబాద్‌లో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి గది అద్దెకు తీసుకున్నాను. అక్క భూపాలపల్లిలో సర్కారు బడి టీచరు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. బావ సొంతూరు మరిపెడ దగ్గర. ఆదివారం చర్చి అయ్యాక బావ నాకు ఫోన్ చేసేవాడు. పది నిమిషాలు ఇంటి సంగతులు, గంటసేపు బండ్ల సంగతులు. అక్క వెనకనుంచి నవ్వడం వినిపించేది.

ఆయనకు నలభై ఐదు నిండిన ఏడు, ఇక కొంటానన్నాడు. అమ్మకానికి రెండు దొరికాయి. ఒకటి ఇటలీలో తయారైన ఎర్ర బండి. హైదరాబాదులో ఒక పళ్ల డాక్టరుది. రెండోది జపాన్‌ది, నల్లది. జనగామలో ఒక కాంట్రాక్టరు మోజుపడి తెప్పించుకుని, నాలుగు రోజులు తిరిగి, తన ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో గుడ్డ కప్పి పెట్టాడు. రెండూ వెయ్యి సీసీ అటూ ఇటూ. రెండూ వీ ఇంజన్లే.

నోటుబుక్కులో కాగితానికి నడుమ గీత గీసి ఇద్దరం రాసుకున్నాం. ఎర్రదానికి మంచి: చప్పుడు, మలుపులో పట్టు, బ్రేకులు, అందం. చెడ్డ: ఊళ్లో నడిపితే తొడలు కాలుతాయి, లోపలి బెల్టులు ఏళ్ల లెక్కన మార్చాలి, ఏమైనా అయితే హైదరాబాదు తప్ప దిక్కులేదు. నల్లదానికి మంచి: చెడిపోదు. చెడ్డ కింద బావ చాలాసేపు ఏమీ రాయలేదు, తర్వాత 'మామూలు' అని ఒక్క మాట రాశాడు. ఎర్ర బండి బొమ్మ ఆయన పాలిటెక్నిక్ రోజుల ట్రంకు పెట్టె మూతకు లోపలివైపు అంటించి ఉండేది. పేరుకు ఇద్దరం తూకం వేస్తున్నాం గాని, ఆయన కొనేది ఎర్రదేనని నాకు అనుమానం లేదు.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం పొద్దున హైదరాబాదులో పళ్ల డాక్టరు ఇంటికి పోయాం. ఎర్రది గేటు ముందే పెట్టి ఉంది. బావ ఎక్కాడు. ఆ బండి మీద ముందుకు వాలి కూర్చోవాలి, ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. స్టార్ట్ చేసి గేరు వేశాడు. ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ ఆగిపోయింది. పదిహేనేళ్ల వయసు నుంచి బండి నడుపుతున్న మనిషి ఆయన. మూడోసారి కదిలి వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఎడమచేతి గ్లోవు తీసి అరచేతిని నలుపుకుంటూ, క్లచ్ బాగా గట్టిగా ఉందన్నాడు. డాక్టరు రెండు వేళ్లతో లివరు నొక్కి చూపించి, ఈ బండ్లకు ఇంతే ఉంటుందన్నాడు. నేనూ నొక్కి చూశాను. గట్టిగానే ఉంది గాని, బండి ఆపేసేంత ఏమీ లేదనిపించింది. తిరుగు బస్సులో బావ కిటికీ వైపు కూర్చుని ఆలేరు దాకా ఆ అరచేతినే నలుపుకుంటూ ఉన్నాడు. కల నెరవేరే ముందు కొందరు ఇట్లాగే అయిపోతారేమో అనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత జనగామకు రమ్మన్నాడు. ఫంక్షన్ హాలులో ఏదో పెళ్లికి వంటలవుతున్నాయి. కాంట్రాక్టరు, ఆయన దోస్తులు నలుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు. నల్లదాన్ని బావ పెంబర్తి దాకా నడిపి తెచ్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంజను ఆపి, లివరును రెండు మూడుసార్లు నొక్కి వదిలి, "గిదే తీసుకుంట," అన్నాడు.

నాకు ఎందుకో కోపమొచ్చింది. ఆయన కలలో నాకూ వాటా ఉందనుకున్నానేమో. అంతమంది ముందు అన్నాను:

"ఇరవై ఏండ్ల సంది ఎర్రది ఎర్రదని కలవరిస్తివి. క్లచ్ గట్టిగున్నదని గీ నల్లదానికి దిగినవా బావా? ముసలోనివైతున్నవ్."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. "అవు బామ్మర్ది, ముసలోన్నైతున్న," అన్నాడు.

క్రిస్మస్‌కు ముందు రోజు మరిపెడ పోతూ ఒక్కడే నా గదికి వచ్చాడు. మధ్యాహ్నం. కంచంలో జొన్నరొట్టె పెట్టాను. రెండు చేతులతో తుంచబోయాడు. రొట్టె ఎడమచేతిలోంచి జారి నేల మీద పడింది. ఇంకొకటి వేశాను. ఈసారి దాన్ని కంచానికి అదిమిపెట్టి కుడిచేత్తోనే తుంచుకున్నాడు. అప్పుడు చూశాను ఆ చేతిని. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండాల్సిన కండ లేదు, గుంట పడింది. మోచేతి కింద చర్మం లోపల ఏదో తనంతట తాను సన్నగా కొట్టుకుంటోంది. ఆయన కదపడం లేదు, అదే కదులుతోంది.

నేను చూడడం ఆయన చూశాడు. కంచం పక్కకు జరిపి అంతా చెప్పాడు. దసరా అప్పుడు ప్లాంటులో చేతిలోంచి స్క్రూడ్రైవర్ పడిపోయిందట. రెండోసారి పడ్డాక డాక్టరుకు చూపించుకున్నాడు. హైదరాబాదులో నరాల డాక్టరు కండల్లోకి సూదులు గుచ్చి పరీక్ష చేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మోటార్ న్యూరాన్ జబ్బన్నాడు. మెదడు నుంచి కండలకు మాట మోసే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. చెయ్యి, కాలు, నాలుక, చివరికి ఊపిరి. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. జబ్బు నడకను నెమ్మది చేయడానికి ఒక గోళీ ఉందట గాని, తగ్గించే మందు లేదు. ఎర్ర బండి చూడబోయిన రోజుకు బావకు అనుమానమే. నల్లది చూడబోయిన రోజుకు ఖాయమైపోయింది. దవాఖాన కాగితాలు జేబులో పెట్టుకునే ఆయన జనగామకు వచ్చాడు.

"ఎన్ని రోజులన్నడు బావా?" అని అడిగాను.

"మూడేండ్లన్నడు. రెండు కూడ కావచ్చన్నడు."

అక్కకు చెప్పావా అని అడిగాను. చెప్పలేదన్నాడు. బిడ్డ పదో తరగతి, ఇంట్లో అందరి ప్రాణం ఆ పరీక్షల మీదే ఉంది, అవి అయ్యేదాకా నోరు విప్పొద్దన్నాడు. మరి ఈ చేత్తో బండి ఎట్లా నడుపుతావన్నాను.

"క్లచ్ పట్టగలిగినన్ని దినాలు నడుపుత. నువ్వు నా ఎంట రా. అక్కకు మాత్రం చెప్పకు."

సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో అప్పటినుంచి చాలాసార్లు వెనక్కి చూసుకున్నాను. జాలి ఉంది, అది నిజమే. దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది. అక్కకు కూడా చెప్పని మాట ఆయన నాకు చెప్పాడు. ఆ సంగతి నాకు లోలోపల గొప్పగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జనవరి నుంచి ప్రతి ఆదివారం పోయేవాళ్లం. ఒక వారం భూపాలపల్లి వైపు, ఒక వారం మహబూబాబాద్ వైపు. ఆయన నల్లదాని మీద, నేను నా చిన్న బండి మీద. ముందు పోయి, ఎక్కడో చెట్టు నీడన ఇంజను ఆపకుండా నాకోసం చూసేవాడు. అక్కకు ఈ తిరుగుడు ముందు నచ్చలేదు. తర్వాత ఒకసారి నాకు ఫోన్ చేసి, నువ్వు ఎంట ఉంటే నాకు నిమ్మళంగా ఉంటుందిరా అంది. నేను 'ఆఁ' అన్నాను.

జబ్బు ఎంత దూరం వచ్చిందో నాకు క్లచ్ లివరు మీద కనపడేది. జనవరిలో రెండు వేళ్లతో పట్టేవాడు. ఫిబ్రవరికి నాలుగు వేళ్లు. తర్వాత లివరును పిడికి బాగా దగ్గరగా వచ్చేటట్టు తిప్పించుకున్నాడు. మార్చిలో అసలు క్లచ్ పట్టకుండా యాక్సిలేటర్ కొంచెం వదిలి, కాలితోనే గేర్లు వేయడం మొదలుపెట్టాడు. నడుస్తున్నంతసేపు బండికి ఎడమచేతితో పనిలేదు, బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడే పని. అందుకని తక్కువసార్లు ఆగే రోడ్లు వెతికేవాడు. సిగ్నళ్లు లేని, అంగళ్లు లేని, స్పీడ్ బ్రేకర్లు తక్కువున్న రోడ్లు. పిల్లలకు చలనం గురించి పాఠం చెప్పే మనిషిని నేను. రెండు చక్రాల మీద తిరుగుతున్నంతసేపు బండి తనను తాను నిలబెట్టుకుంటుంది, ఆగిన క్షణం మొత్తం బరువు మనిషి కాలు మీద పడుతుంది. ఇది నాకు తెలుసు. అయినా ఆయన చేతినే చూస్తూ ఉన్నాను గాని, కాలిని చూడలేదు.

ఏప్రిల్‌లో ఎడమకాలి చెప్పు నేలకు రాసుకుంటుంటే, చెప్పు వదులైందా అన్నాను. వదులైందన్నాడు. ఇద్దరం ఆ మాట దగ్గర ఆగిపోయాం. పరీక్షలు అయిపోయాయి కదా, ఇక చెప్పమన్నాను. రిజల్ట్ రానిమ్మన్నాడు. రిజల్టూ వచ్చింది. మేనకోడలు మంచి మార్కులతో పాసైంది. అక్క నాకు ఫోన్లో ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రే చెప్తాడనుకున్నాను. పొద్దున ఫోన్ చేస్తే, ఆమె ముఖం చూసి చెప్పలేకపోయానన్నాడు. ఇంకొక్క ఆదివారం ఆగమన్నాడు.

ఆ ఆదివారం మేమిద్దరం మరిపెడ రోడ్డు మీద ఉన్నాం. పొద్దున పది కూడా కాలేదు. అప్పటికే ఎండ మంట. మేకల మంద రోడ్డు దాటుతోంది. బావ నెమ్మదించి, ఆగాడు. ఎడమకాలు కింద పెట్టాడు. మోకాలు మడతపడింది. అంతే. రెండు వందల కిలోల బండి ఆయన మీదికి వాలింది. వేగం లేదు, ఎవరూ గుద్దలేదు. వెనక పది గజాల దూరంలో నేను బ్రేకు వేస్తూ, ఆయన కుడిచేత్తో హ్యాండిల్‌ను ఎత్తి పట్టుకోవాలని చూడడం, ఎత్తలేకపోవడం అంతా చూశాను. తుంటి ఎముక విరిగిన చప్పుడు కూడా విన్నాను. మేకలు కాసే ఆమె కర్ర పడేసి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి బండిని లేపాం. పెట్రోలు కారి ఆయన ప్యాంటంతా తడిసింది. నొప్పికి పళ్లు కరుచుకుంటూ బావ అన్న మొదటి మాట, "అక్కకు నేనే చెప్త. నువ్వు చెప్పకు."

ఆయనకు ఆ వీలు దొరకలేదు. మహబూబాబాద్ దవాఖానలో చేర్పించి, బండి మీంచి పడ్డాడని మాత్రం అక్కకు ఫోన్ చేశాను. భూపాలపల్లి నుంచి బస్సులు మారి ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బావకు నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు, మత్తుగా ఉన్నాడు. పడుచు డాక్టరు ఒకాయన ఎక్స్‌రే చూపించి, తర్వాత బావ ఎడమచేతిని ఎత్తి చూసి, ఈ నరాల జబ్బుకు ఏ మందులు వాడుతున్నారని అక్కను అడిగాడు. అక్క, ఏం నరాల జబ్బు సార్ అంది. డాక్టరు మా ముగ్గురి ముఖాలు చూసి, తర్వాత మాట్లాడతానని వెళ్లిపోయాడు.

అక్క బావ వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నా వైపు చూసింది.

"నీకెరుకనా?"

"ఎరుకే అక్కా."

"ఎప్పటిసంది?"

"క్రిస్మస్ సంది."

ఆమె మమ్మల్ని తిట్టలేదు. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. పెదవులు కదలడం కనపడింది. తర్వాత బావ కాళ్ల మీది దుప్పటి సర్ది, బల్ల మీద కూర్చుంది.  చీకటి పడేముందు ఒక్క మాట అంది, ఆ బండి నా కండ్లకు కనపడొద్దని.

తుంటికి వరంగల్‌లో ఆపరేషన్ అయింది. బావ మళ్లీ తనంతట తాను నడవలేదు. పడకుంటే ఇంకో ఏడాది నడిచేవాడని ఒక డాక్టరు, ఎట్లాగైనా అదే జరిగేదని ఇంకో డాక్టరు అన్నారు. నేను ఏది నమ్మాలో ఈ రోజుకీ తేల్చుకోలేదు. నల్ల బండిని జనగామ కాంట్రాక్టరు ద్వారానే ఎవరికో అమ్మేశాను. ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు ఎడమవైపు మరిపెడ రోడ్డు మీద పడినప్పటి గీతలు కనపడ్డాయి. దాని సంగతి బావ నన్ను ఎన్నడూ అడగలేదు.

అక్క సెలవు పెట్టింది. తర్వాత సగం జీతం సెలవు, ఆ తర్వాత జీతం లేని సెలవు. ఆయన్ను ఎత్తడం, తిప్పడం, కడగడం, గొంతులో గళ్ల తీయడం అన్నీ నేర్చుకుంది. నేను ప్రతి ఆదివారం పోయి, ఆమె చెప్పిన పనల్లా చేసేవాడిని. పట్టు, ఎత్తు, జరుపు. ఆ మాటలే మా మధ్య. రెండో ఏడు బావ మాట ముద్దగా అయి, తర్వాత పోయింది. అట్ట మీద మేనకోడలు అక్షరమాల రాసింది. ఒక వరసలో అచ్చులు, కింద హల్లులు, పక్కన గుణింతాల గుర్తులు. వేలు పెట్టుకుంటూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేసేవాడు. తెలుగులో చిన్న మాటకు కూడా చాలా రెప్పలు వేయాలి. 'నీళ్లు' అనడానికే అలిసిపోయేవాడు.

ఒకరోజు అక్కా నేనూ ఇద్దరం ఉండగా, అట్ట వైపు చూశాడు. కోడలు వేలు పెట్టింది. పావుగంట పట్టింది. 'తప్పు నాది వాడిది కాదు' అని వచ్చింది.

అక్క చదివింది. బిడ్డను బయటికి పంపింది. బావ నుదురు మీద చెమట తుడుస్తూ, ఆయనకు వినపడేటట్టే నాతో అంది:

"ఆయన అడిగిండు, నువ్వు ఒప్పుకున్నవు. ఇద్దరిదీ తప్పే. బండి ఎక్కిండని కాదు నా బాధ. ఆ ఐదు నెలలు ఆయనకు మాటున్నది, నడకున్నది. నాకు తెలిస్తే ఆ ఐదు నెలలు నేను ఇంకో తీరుగ బతికేదాన్ని. పేపర్లు దిద్దుకుంట, పిల్లను చదువుమని ఒర్లుకుంట పోగొట్టుకున్న. మీరిద్దరే వాడుకున్నరు."

బావ కంట్లోంచి నీళ్లు కారాయి. అవి ఆయన తుడుచుకోలేడు. అక్కే తుడిచింది.  

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అక్క తడిగుడ్డతో బావ ముఖం తుడుస్తుంటే ఆయన ఊపిరి ఆగిపోయింది. మరిపెడ దగ్గరి ఊళ్లో, చర్చి వెనక నల్లరేగడి భూమిలో పూడ్చాం. రెండు రోజుల వాన. తవ్విన గుంతలో నీళ్లు ఊరుతుంటే నేనూ ఆయన అన్నలూ బకెట్లతో తోడాం. తోడినకొద్దీ వచ్చాయి. పాస్టరు ప్రార్థన అయ్యేదాకా తోడుతూనే ఉన్నాం. చివరికి మోకాలి లోతు బురదలోనే పెట్టెను దింపాల్సి వచ్చింది. అక్క గుంత అంచు దాకా వచ్చి, ఆ నీళ్లను చూసి, ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు ఆమె మళ్లీ బడికి పోతోంది. కోడలు హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుతోంది. నేను నెలకోసారి భూపాలపల్లి పోతాను. నన్ను క్షమించిందో లేదో అడగలేదు, అడిగే హక్కు నాకుందని కూడా అనుకోను. పోయిన దసరా సెలవుల్లో వెళ్లినప్పుడు, అన్నం తిన్నాక ఉన్నట్టుండి అంది, ఆ ఆదివారాలు మీరు ఎక్కడెక్కడ పోయిన్రు, ఏం మాట్లాడుకున్నరు, నాకు చెప్పు అని. మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టాను. ఆమె నడుమ నడుమ ఆపి అడిగేది. ఏ అంగీ వేసుకుండె? ఏం తిన్నడు? నవ్విండా? నాకు గుర్తున్నవి చెప్పాను. గుర్తులేని చోట గుర్తులేదన్నాను. ఒక్కోసారి ఒక్కో ఆదివారమే చెప్పించుకుంటుంది, అంతకంటే ఎక్కువ వినలేనంటుంది.

పోయిన నెల ఫిబ్రవరిలోని ఒక ఆదివారం దగ్గరికి వచ్చాం. ఆ రోజు విశేషమేమీ జరగలేదు. చెల్పూర్ దగ్గర రోడ్డు పక్కన చాయ్ తాగి, అరగంట కూర్చుని తిరిగొచ్చాం. బావ గ్లాసును కుడిచేత్తో పట్టుకున్నాడు. ఎండ బాగుందన్నాడు. అంతే చెప్పాను.

"ఇంకేమనలేదా?" అంది అక్క.

ఇంకేమీ అనలేదన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసింది, ఏమైనా దాస్తున్నానేమోనని. తర్వాత లేచి గిన్నెలు సర్దుకుంది.